సందేహం దాచుకోని ఉత్తరాలు

బోస్టన్ నగరంలో మాసచూసెట్స్ శాసనసభ భవనానికి ఎదురుగా ఒక పెద్ద కంచు శిల్పం ఉంది. గుర్రం మీద ఒక తెల్లజాతి యువ కల్నల్, ఆ గుర్రానికి ఆనుకుని తుపాకులు భుజాన వేసుకుని కదం తొక్కుతున్న నల్లజాతి సైనికులు. అగస్టస్ సెయింట్ గాడెన్స్ తీర్చిన ఈ శిల్పాన్ని 1897లో ఆవిష్కరించారు. ఆ కల్నల్ పేరు రాబర్ట్ గౌల్డ్ షా. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో 54వ మాసచూసెట్స్ రెజిమెంటును నడిపి, 1863 జూలై 18న, 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఉత్తరాది రాష్ట్రాల్లో నల్లవారితో మొట్టమొదట ఏర్పడిన రెజిమెంట్లలో అది ఒకటి. 1989లో వచ్చిన ‘గ్లోరీ’ సినిమా ఆ కథను ప్రపంచమంతా చూపించింది. శిల్పంలోనూ సినిమాలోనూ కనిపించేది దాదాపు పూర్తిగా రూపుదిద్దుకున్న వీరుడే. అతను ఇంటికి రాసిన ఉత్తరాలు మాత్రం ఇంకో మనిషిని చూపిస్తాయి. ఆ మనిషి తనకు అప్పగించిన పనిని మొదట వద్దన్నాడు. తర్వాత సగం నమ్మకంతో ఒప్పుకున్నాడు. ఆ పని చేస్తూ చేస్తూనే దాన్ని నమ్మడం నేర్చుకున్నాడు. నిర్ణయం ముందు, నమ్మకం వెనక. ఈ క్రమమే ఆ ఉత్తరాల్లో అన్నిటికన్నా విలువైన సంగతి అని నా వాదన. వీరగాథలో ఈ క్రమం ఎప్పుడూ తలకిందులవుతుంది.

ఆ ఉత్తరాలు అంత దాపరికం లేకుండా ఎందుకున్నాయో తెలియాలంటే ఆనాటి సైన్యం ఎలా ఏర్పడిందో తెలియాలి. 1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనప్పుడు అమెరికా ప్రభుత్వానికి ఉన్న స్థిర సైన్యం పదహారు వేల చిల్లర. అధ్యక్షుడు లింకన్ మొదటి పిలుపులోనే 75,000 మందిని అడిగాడు. ఆ తర్వాత లక్షలాది మంది స్వచ్ఛందంగా చేరారు. వారిని రాష్ట్రాలవారీగా రెజిమెంట్లుగా కూర్చారు. ఆ రెజిమెంట్లకు అధికారులను నియమించింది ఆయా రాష్ట్రాల గవర్నర్లు. అలా నిన్నటి వకీళ్లు, గుమాస్తాలు, విద్యార్థులు తెల్లారేసరికి లెఫ్టినెంట్లు, కెప్టెన్లు అయ్యారు. మనిషి సైనికుడి దుస్తుల్లో ఉన్నా మనసు ఇంకా ఊళ్లోనే, ఇంట్లోనే ఉండేది. దానికి తోడు ఉత్తరాది సైన్యంలో సైనికుల ఉత్తరాలను ఒక పద్ధతి ప్రకారం తెరిచి చదివి కత్తిరించే ఏర్పాటు లేదు. ఇరవయ్యో శతాబ్దపు మహాయుద్ధాల్లో సైనికుడు పై అధికారి చదువుతాడని తెలిసి రాసేవాడు. 1860లలో ఆ భయం లేదు. సైన్యం ఎక్కడుంది, సేనాపతి ఎంత అసమర్థుడు, ఎవరు భయపడ్డారు, ఎవరు తాగి పడిపోయారు, అన్నీ ఇంటికి చేరేవి.

షా 1837లో బోస్టన్‌లో బాగా డబ్బున్న కుటుంబంలో పుట్టాడు. నలుగురు అక్కచెల్లెళ్ల మధ్య ఒక్కడే కొడుకు. తండ్రి ఫ్రాన్సిస్, తల్లి సారా బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో పేరున్నవాళ్లు. ఆ ఇంటికి ఉద్యమ నాయకుల రాకపోకలు ఉండేవి. కొడుకు స్విట్జర్లాండులో, జర్మనీలో చదివాడు, హార్వర్డులో చేరి పట్టా పుచ్చుకోకుండానే 1859లో బయటికొచ్చాడు. న్యూయార్కులో బంధువుల వ్యాపారంలో చేరినా అక్కడా మనసు కుదరలేదు. యుద్ధం మొదలవగానే న్యూయార్క్ ఏడో మిలీషియాలో చేరి నెల రోజులు వాషింగ్టన్ వెళ్లాడు. 1861 మేలో రెండో మాసచూసెట్స్ రెజిమెంటులో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. అక్కడే అతనికి మొదటిసారి పనిలో సంతృప్తి దొరికింది. తల్లిదండ్రుల ఆదర్శం అతనికి తెలుసు, దాన్ని కాదన్నదీ లేదు. అయినా అతని గుండెలో మొదట చోటు దొరికింది తన రెజిమెంటుకే.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం రావచ్చు. 1861 ఆగస్టులోనే షా ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. యుద్ధాన్ని అన్నిటికన్నా త్వరగా ముగించగల సాధనం బానిసలేననీ, వారిని ప్రభుత్వం వాడుకోకపోవడం వింతగా ఉందనీ అందులో అన్నాడు. మరి నల్లవారి సైన్యం మీద అతనికి మొదటి నుంచీ నమ్మకం ఉన్నట్టే కదా? ఆ వాక్యాన్ని నిదానంగా చదివితే అలా అనిపించదు. అక్కడ బానిస ఒక సాధనం. దక్షిణాదిని ఓడించడానికి చేతికి అందివచ్చిన ఆయుధం. ఆ ఆయుధాన్ని తానే చేపట్టాల్సి వస్తుందనిగానీ, అది కూడా తనలాంటి మనిషేననిగానీ ఆలోచించిన జాడ లేదు. పైగా ఏడాది తర్వాత, 1862 సెప్టెంబరులో, లింకన్ బానిసల విముక్తి గురించి తొలి ప్రకటన చేసినప్పుడు ఉద్యమకారుల ఇళ్లలో పండగ వాతావరణం ఉంది. అదే వారంలో షా తల్లికి రాసిన ఉత్తరంలో ఆ సంబరం లేదు. మీరంతా ఉత్సాహంగా ఉండి ఉంటారు, నాకైతే దీనివల్ల ఇప్పుడు ఒరిగేదేమిటో తెలియడం లేదన్న ధోరణిలో రాశాడు. అప్పటికి అతను యాంటీటం యుద్ధం చూసి వారం రోజులే అయింది. సెప్టెంబరు 17న ఆ ఒక్క రోజులో రెండు వైపులా కలిపి దాదాపు 23,000 మంది చనిపోవడమో, గాయపడటమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. అంతకు ముందు నెలలో సెడార్ మౌంటెన్ దగ్గర అతని ఆప్తమిత్రులు కొందరు నేలకొరిగారు. ఆ శవాల మధ్య నిలబడిన మనిషికి కాగితం మీది ప్రకటన తేలిగ్గా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ తేలికభావాన్ని ఉద్యమకారిణి అయిన తల్లి ముందు కూడా అతను దాచలేదు. అందుకే ఈ ఉత్తరాన్ని సాక్ష్యంగా నమ్మవచ్చు.

1863 జనవరి 1న విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చి, నల్లవారిని సైన్యంలో చేర్చుకోవడానికి దారి తెరిచింది. మాసచూసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ నల్లవారి రెజిమెంటుకు అధికారుల కోసం చూస్తూ జనవరి 30న ఉత్తరం రాసింది షాకు కాదు, అతని తండ్రికి. స్వచ్ఛంద సైన్యంలో పదవి కూడా ఇంటి పెద్దల ద్వారానే వచ్చేది. తండ్రి ఆ ఉత్తరం పట్టుకుని వర్జీనియాలో కొడుకున్న శిబిరానికి స్వయంగా వెళ్లాడు. కొడుకు వద్దన్నాడు. ఫిబ్రవరి 4న కాబోయే భార్య ఆనీ హాగర్టీకి ఉత్తరంలో సంగతంతా చెప్పాడు. తీసుకుని ఉంటే కేవలం బాధ్యత కోసమే తీసుకునేవాడిననీ, ఆ పని ఏమాత్రం హాయైనది కాదనీ, బాధ్యత నుంచి తప్పుకుంటున్నానని అమ్మ అనుకుంటుందేమోననీ రాశాడు. కొద్ది రోజుల్లోనే మనసు మార్చుకుని, ఒప్పుకుంటున్నానని తండ్రికి తంతి పంపాడు. ఫిబ్రవరి 8న ఆనీకి మళ్లీ రాసిన ఉత్తరంలో ఎటూ తేల్చుకోలేని ఆ రోజుల్లో తన మీద తనకే సిగ్గేసిందనీ, పిరికివాడినేమో అనిపించిందనీ ఒప్పుకున్నాడు. ఎందరో పెద్దలు దేశానికి ఈ సైన్యం ఎంతో ముఖ్యమని అంటున్నారనీ, అదే నిజమైతే ముందు నడిచినవారి శ్రమ వృథా పోదనీ రాశాడు. ‘అదే నిజమైతే’ అన్న షరతు పెట్టి మరీ అతను ఈ పనిలోకి దిగాడు.

ఇది ప్రాణభయం వల్ల కలిగిన సంకోచం అనుకోవడం సరికాదు. 1862 మేలో వించెస్టర్ దగ్గర ఒక తూటా అతని జేబులోని గడియారానికి తగిలి ఆగిపోయింది, యాంటీటంలో మరొకటి మెడకు రాసుకుపోయింది. చావు అతనికి కొత్త కాదు. నల్లవారి సైన్యానికి అధికారిగా ఉండటంలో మాత్రం అదనపు ముప్పు ఉంది. అలాంటి తెల్ల అధికారులు పట్టుబడితే మరణశిక్ష వేయవచ్చని దక్షిణాది కాంగ్రెస్ 1863 మేలో తీర్మానించింది. అయినా అతని ఉత్తరాల్లో వెనక్కి లాగుతున్నవి మూడు సంగతులు: పాత మిత్రులను వదిలిపోవడం, జనం నవ్వుతారేమోనన్న బెరుకు, నల్లవారు సైనికులుగా నిలబడగలరా అన్న అనుమానం. అప్పటి అతని ఉత్తరాల్లో నల్లవారిని కించపరిచే మాటలు ఉన్నాయి, వారి మీద వేళాకోళాలూ ఉన్నాయి. బానిసత్వాన్ని ద్వేషించే ఇంట్లో పెరిగినవాడి కలం నుంచే ఆ మాటలు వచ్చాయి. బానిసత్వం తప్పని నమ్మడం, నల్లమనిషిని సాటి మనిషిగా చూడటం ఆనాటి ఉత్తరాదిలో రెండు వేరు వేరు విషయాలు. చరిత్ర పుస్తకాలు ఈ మాట సాధారణ సూత్రంగా చెబుతాయి. షా ఉత్తరాలు ఒక మనిషి మనసులో, తారీఖులతో సహా, దాన్ని చూపిస్తాయి.

బోస్టన్ దగ్గర రీడ్‌విల్‌లో రెజిమెంటుకు శిక్షణ మొదలైంది. మార్చి ఉత్తరాల్లో మొదటి మార్పు కనిపిస్తుంది. ఈ కొత్తవారి తెలివి తనను ఆశ్చర్యపరిచిందనీ, కాపలా విధులూ శిబిరం పనులూ తాను ఇంతకుముందు నడిపిన ఐరిష్ సైనికుల కన్నా ఎంతో చురుగ్గా నేర్చుకుంటున్నారనీ రాశాడు. అనుమానం ఉన్నవాళ్లు ఒక్కసారి ఇక్కడికొచ్చి చూస్తే చాలు, మారిపోతారన్నాడు. ఒక దురభిప్రాయం సడలుతున్న వాక్యంలోనే మరో దురభిప్రాయం నిక్షేపంగా కూర్చుని ఉంది. దాన్ని పక్కకు నెట్టి పొగడ్తను మాత్రమే ఏరుకుంటే ఉత్తరానికి అన్యాయం చేసినట్టే. ఇక్కడ ముఖ్యమైనది నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందన్నది. ఉద్యమ సభల నుంచి రాలేదు, తల్లి హితబోధ నుంచీ రాలేదు. రోజూ ఉదయం కవాతు చేయించడం నుంచి వచ్చింది. ఇరవై అయిదేళ్లు ఇంట్లో విన్న మాటలు చేయలేని పని కొన్ని వారాల శిక్షణ చేసింది.

మే 2న పెళ్లి. మే 28న రెజిమెంటు బోస్టన్ వీధుల గుండా నడిచి ఓడ ఎక్కింది. జూన్ మొదట్లో దక్షిణ కరోలినా తీరానికి చేరింది. అక్కడి నుంచి వచ్చిన ఉత్తరాలు అతని ఉత్తరాల్లో అన్నిటికన్నా బరువైనవి. జూన్ 11న జార్జియాలోని డేరియన్ అనే చిన్న ఊరిని, ఎదిరించే సైన్యం లేకపోయినా, కల్నల్ జేమ్స్ మాంట్‌గోమరీ దోచుకుని తగలబెట్టించాడు. షా అతని కింద పనిచేస్తున్నాడు. భార్యకు రాసిన ఉత్తరంలో ఆ దృశ్యాన్ని వర్ణించి, ఇంతకాలం మచ్చ లేకుండా యుద్ధం చేసిన తాను దోపిడీదారుగా దిగజారదలచుకోలేదని రాశాడు. దక్షిణాదివారికి ఇది నిజమైన యుద్ధమని తెలిసిరావాలనీ, మమ్మల్ని చట్టం బయట పెట్టారు కాబట్టి యుద్ధనీతి మాకు వర్తించదనీ మాంట్‌గోమరీ చెప్పిన వాదనను కూడా దాచకుండా నమోదు చేశాడు. తనకు గిట్టని మనిషి వాదనను అంత నిజాయితీగా భార్యకు చెప్పడం వల్లే, ఈ రోజు మనం ఆ వాదనను తూచి చూడగలుగుతున్నాం. అక్కడితో ఆగలేదు. సైన్యం ప్రధాన కార్యాలయానికి రాసి, ఇలా కాల్చమని పైనుంచి ఆజ్ఞ ఉందా అని అడిగాడు.

డేరియన్ ఉత్తరంలో షా పడ్డ బాధలో తన పరువు గురించిన బాధ చాలా ఉంది. ఇళ్లు పోయినవారి గురించి మాట్లాడినా, ముందు గుచ్చుకున్నది అదే. ఆ పక్కనే ఇంకో చింత వచ్చి చేరింది: ఈ రకం యుద్ధం నల్ల సైనికుల పేరుకు హాని చేస్తుందేమో. ఫిబ్రవరిలో అతను నల్లవారి రెజిమెంటు వల్ల తన పేరు ఏమవుతుందో అని ఆలోచించాడు. జూన్‌లో తెల్ల కల్నళ్లు చేసే పనుల వల్ల నల్లవారి పేరు ఏమవుతుందో అని ఆలోచిస్తున్నాడు. నాలుగు నెలల్లో చింత దిశ మారింది. ఆ రోజుల్లోనే సెయింట్ సైమన్స్ దీవిలో పియర్స్ బట్లర్ తోటకు వెళ్లాడు. బట్లర్ 1859లో నాలుగు వందల మందికి పైగా బానిసలను ఒకేసారి వేలం వేసినవాడు. తోటలో మిగిలింది కొద్దిమంది ముసలివాళ్లు. పిల్లలూ మనవలూ అమ్ముడుపోయారని వాళ్లు చెప్పిన సంగతులు షా ఇంటికి రాశాడు. బానిసత్వం గురించి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన మనిషి ఇప్పుడు బానిసలు చెబుతుంటే విన్నాడు.

జూలై ఉత్తరాల్లో సంకోచం దాదాపు పోయింది. నెలకు 13 డాలర్లని మాట ఇచ్చి చేర్చుకున్న సైనికులకు 10 డాలర్లే ఇస్తామనీ, అందులోనూ బట్టల కింద 3 డాలర్లు కోస్తామనీ ప్రభుత్వం అన్నది. జూలై 2న గవర్నరుకు షా రాసిన ఉత్తరం సూటిగా ఉంది: మాట ప్రకారం పూర్తి జీతమైనా ఇవ్వాలి, లేదంటే వీరిని సైన్యం నుంచి పంపించెయ్యాలి. జూలై 6న ఉత్తరాది సైన్యపు జనరల్ స్ట్రాంగ్‌కు రాసిన ఉత్తరం ఇంకా ఆలోచించదగ్గది. తన సైనికులు గెరిల్లా దాడుల కన్నా మెరుగైన పనికి తగినవాళ్లనీ, వారిని తెల్ల దళాలతో కలిపి పోరాటానికి పంపాలనీ కోరాడు. కారణం కూడా చెప్పాడు. వీళ్లేం చేయగలరో చెప్పడానికి సొంత అధికారులు తప్ప వేరే సాక్షులు కావాలి. తన మాటను ఎవరూ నమ్మరని అతనికి తెలుసు. ఎందుకంటే అయిదు నెలల కింద ఎవరైనా అలా చెప్పి ఉంటే తానే నమ్మేవాడు కాదు.

సాక్షులు దొరికారు. జూలై 16న జేమ్స్ దీవిలో 54వ రెజిమెంటు దక్షిణాది దాడిని అడ్డుకుని నిలబడటం వల్ల పదో కనెక్టికట్ దళం చిక్కకుండా వెనక్కి రాగలిగింది. జూలై 18 సాయంత్రం చార్లెస్టన్ రేవును కాపాడే వాగ్నర్ కోట మీద దాడిలో ఆ రెజిమెంటుదే ముందు వరస. బయల్దేరే ముందు షా తన దగ్గరున్న ఉత్తరాలను విలేఖరి ఎడ్వర్డ్ పియర్స్‌కు ఇచ్చి తండ్రికి చేర్చమన్నాడు. దాడికి వెళ్లిన దాదాపు 600 మందిలో 270 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా పట్టుబడ్డారు. షాను అతని సైనికులతో కలిపి ఒకే గోతిలో పూడ్చారు. శవాన్ని వెలికి తీయిస్తామన్నవారికి తండ్రి వద్దని రాశాడు.

ఈ ఉత్తరాలను సాక్ష్యంగా వాడుకోవడానికి గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, తల్లి చేతి కత్తెర. 1864లో సారా షా కొడుకు ఉత్తరాలను సొంత ఖర్చుతో అచ్చు వేయించి దగ్గరివారికి పంచింది. పోయిన కొడుకు జ్ఞాపకం కోసం చేసిన పుస్తకంలో కొన్ని మాటలు తీసేసింది, కొన్ని దిద్దింది. ఆ ఒక్క పుస్తకమే మిగిలి ఉంటే నా వాదన నిలిచేది కాదు. కానీ చేతిరాత ప్రతులు హార్వర్డు గ్రంథాలయంలో ఉన్నాయి. చరిత్రకారుడు రసెల్ డంకన్ వాటితో సరిచూసి 1992లో కొత్త సంపుటి తెచ్చాడు. కించపరిచే మాటలూ వేళాకోళాలూ మనకు పూర్తిగా తెలుస్తున్నది అందువల్లే. రెండో అభ్యంతరం, ఉత్తరం ఎప్పుడూ చదివేవారి మొహం చూసి రాసేదే కదా అన్నది. తల్లికి రాసేటప్పుడు కొడుకు ఆమె మెచ్చే మాటలే రాయడా? షా విషయంలో రుజువు దీనికి ఎదురు తిరుగుతోంది. విముక్తి ప్రకటన గురించిన నిరాసక్తత రాసింది తల్లికే. డేరియన్ సంగతి భార్యకు ఒక రకంగా, కార్యాలయానికి మరో రకంగా రాసినా అసలు విషయం ఒక్కటే. చదివేవారు మారినా మాట మారనప్పుడు ఆ మాటను నమ్మడానికి ఆధారం ఉంది.

మూడో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఉండకూడదు కూడా. ధనవంతుడైన ఒక తెల్ల అధికారి మనసు మారిన కథ చెబుతూ, వెయ్యి మంది నల్ల సైనికులను ఆ కథకు వెనక తెరగా మార్చడం న్యాయమా? కాదు. అందుకే షా ఉత్తరాలను ఒంటరిగా చదవకూడదు. న్యూ బెడ్‌ఫర్డ్‌కు చెందిన ఓడ పనివాడు, 54వ రెజిమెంటు కార్పొరల్ జేమ్స్ హెన్రీ గూడింగ్ తన ఊరి పత్రికకు వరసగా ఉత్తరాలు రాశాడు. అవి 1991లో పుస్తకంగా వచ్చాయి. 1863 సెప్టెంబరు 28న అతను నేరుగా లింకన్‌కే రాసి, మేం సైనికులమా, కూలీలమా అని అడిగాడు. ఉద్యమ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకు, సార్జెంట్ మేజర్ లూయిస్ డగ్లస్, వాగ్నర్ దాడి జరిగిన రెండు రోజులకు తన ప్రేయసి అమీలియాకు రాసిన ఉత్తరంలో ఇలాంటి సైనికులు లక్ష మంది ఉంటే యుద్ధం ముగిసిపోతుందన్నాడు. వీరి ఉత్తరాల్లో షాకున్న సంకోచం లేదు. తాము చేయగలమా అన్న ప్రశ్నే వారికి లేదు, చేయనిస్తారా అన్నదే ప్రశ్న. షా అయిదు నెలలు నడిచి చేరుకున్న చోటికి వాళ్లు మొదటి రోజే వచ్చి నిలబడి ఉన్నారు. రెండు రకాల ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చదివితే అతను నడిచిన దూరం ఎంతో తెలుస్తుంది, ఆ దూరం ఎవరి వల్ల ఏర్పడిందో కూడా తెలుస్తుంది.

జీతం తగాదా షా చావుతో ఆగలేదు. తక్కువ జీతం తీసుకోవడం కన్నా అసలు తీసుకోకపోవడమే నయమని రెజిమెంటు నిర్ణయించింది. తేడా సొమ్ము తామిస్తామని మాసచూసెట్స్ రాష్ట్రం ముందుకొచ్చినా సైనికులు వద్దన్నారు. ఇళ్ల దగ్గర కుటుంబాలు అవస్థ పడుతుండగా ఏడాదికి పైగా ఒక్క డాలరు ముట్టలేదు. 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ సమాన జీతం చట్టం చేసింది. అయితే చేరినప్పటి నుంచి పూర్తి బకాయి రావాలంటే, 1861 ఏప్రిల్ 19 నాటికే స్వేచ్ఛగా ఉన్నవారై ఉండాలని మెలిక పెట్టింది. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి చేరినవారు రెజిమెంటులో ఉన్నారు. అప్పటి కల్నల్ ఎడ్వర్డ్ హాలోవెల్, షా సహాయకుడిగా వాగ్నర్ దాడిలో గాయపడినవాడు, అందరితో ఒక ప్రమాణం చేయించాడు. ఆ తేదీన తమ చేత కూలి ఇవ్వకుండా పని చేయించుకునే హక్కు ఎవరికీ లేదని ఆ ప్రమాణం సారాంశం. చట్టం అడిగింది ఎవరి అధీనంలో ఉన్నావని, సైనికులు చెప్పింది ఎవరికీ ఆ అధికారం లేదని. ప్రమాణం చెల్లింది. బకాయిలు అందరికీ వచ్చాయి.